అడవి ఎండి మనిషి నిలబడ్డాడన్న కథ ఎంతవరకు నిజం?

గడ్డిపరక
మూడు రోజులుగా ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. మానవ పరిణామం గురించి ఏ వ్యాసం తెరిచినా ఒకే కథ కనిపిస్తోంది. ఆఫ్రికాలో వానలు తగ్గాయట, అడవులు ఎండి గడ్డి మైదానాలయ్యాయట, చెట్ల మీద బతికే మన పూర్వీకులు గత్యంతరం లేక నేలకు దిగి రెండు కాళ్ల మీద నిలబడ్డారట, ఖాళీ అయిన చేతులతో పనిముట్లు చేశారట, మెదడు పెరిగిందట, చివరికి మళ్లీ ఒక కరువు తరిమితే ఆఫ్రికా వదిలి ప్రపంచమంతా వ్యాపించారట. తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయికి ఇదే చదివి వినిపిస్తే, "చింపాంజీలు కూడా అదే ఆఫ్రికాలో ఉన్నాయి కదా, వాటికి కరువు రాలేదా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఇంత పెద్ద సంగతిని ఇంత తేలికగా తేల్చేయడం నాకు బాధగా ఉంది. వాతావరణం పాత్ర నిజంగా ఎంతో తెలిసినవారు వివరించగలరా?

రాతిపలక
మీ అమ్మాయి ఆ కథకు ఆయువుపట్టు ఎక్కడుందో అక్కడే పట్టుకుంది. దీనికి దాదాపు వందేళ్ల వయసుంది. దక్షిణాఫ్రికాలోని టాంగ్‌లో దొరికిన, మనిషి పూర్వీకుల జాతికి చెందిన ఒక చిన్నపిల్ల పుర్రెను 1925లో లోకానికి పరిచయం చేసిన రేమండ్ డార్ట్, చెట్లు పలచగా ఉండే ఆరుబయలు నేలే మనిషి తెలివికి పదును పెట్టి ఉంటుందని వాదించారు. ఆ తరువాత దొరికిన ఎముకలు ఆ వాదానికి అనుకూలంగా లేవు. ఇథియోపియాలోని అరామిస్‌లో దొరికిన ఆర్డిపిథెకస్ అనే పూర్వీకుల జాతి ప్రాణి 44 లక్షల ఏళ్ల నాటిది. దాని కటి ఎముక రెండు కాళ్ల నడకను సూచిస్తుంది, కాలి బొటనవేలు మాత్రం కొమ్మను పట్టుకోవడానికి వీలుగా పక్కకు తిరిగి ఉంటుంది. దానితోపాటు దొరికిన జంతువుల ఎముకలు, మొక్కల ఆనవాళ్లు చూసి అది చెట్ల నీడలో బతికిందని 2009లో దాన్ని తవ్వితీసిన బృందం ప్రకటించింది. ఇథియోపియాలోనే దొరికిన, లూసీ అని పేరు పెట్టిన 32 లక్షల ఏళ్ల నాటి పూర్వీకురాలి అస్థిపంజరానికి కూడా పొడవైన చేతులు, వంపు తిరిగిన వేళ్లు ఉన్నాయి. నేల మీద చక్కగా నడిచిన ఆ ప్రాణి చెట్లను పూర్తిగా వదులుకోలేదన్నమాట. ఇవన్నీ చూస్తే నడక ముందు వచ్చింది, విశాలమైన మైదానాలు తరువాత పరుచుకున్నాయి.

మూడోపాఠం
రాతిపలక గారి మాటకు ఒక సవరణ చేయవలసి ఉంది. ఆర్డిపిథెకస్ అడవిలోనే బతికిందన్నది తేలిపోయిన విషయం కాదు. మరుసటి ఏడాదే, అంటే 2010లో, అక్కడి పాత నేలల్లోని, చెట్లకూ గడ్డికీ తేడా చూపే కార్బన్ ఐసోటోపులను (వేర్వేరు బరువున్న కార్బన్ పరమాణువులను) పరిశీలించిన మరో బృందం చెట్ల నీడ నాలుగో వంతుకు మించి ఉండదని వాదించింది. ఒకే నేలను చూసి ఒకరు అడవి అంటే మరొకరు మైదానం అంటున్నారు.

రాతిపలక
ఒప్పుకుంటున్నాను. ఆ వివాదాన్ని నేను ప్రస్తావించి ఉండాల్సింది. నదీతీరంలో చెట్లు, దూరంగా గడ్డి, రెండూ కలిసిన నేలలో అది తిరిగి ఉంటుందని అంటే ఇద్దరి ఆధారాలూ ఇముడుతాయని నాకు అనిపిస్తుంది.

వానచుక్క
చింపాంజీల ప్రశ్నకు నేను జవాబిస్తాను. అడవులు అన్ని చోట్లా ఎండలేదు. మధ్య, పశ్చిమ ఆఫ్రికాలో అవి మిగిలాయి, చింపాంజీల పూర్వీకులలో ఎక్కువ మంది అక్కడే ఉండిపోయారు. అయితే అవి మారకుండా ఉండిపోయాయని అనుకోకూడదు, మన రెండు శాఖలూ విడిపోయిన నాటి నుంచి అవీ మనలాగే అన్ని లక్షల ఏళ్లూ మారుతూ వచ్చాయి. ఇంకొక ముఖ్యమైన సంగతి ఉంది. తూర్పు ఆఫ్రికాలో భూమి చీలి రిఫ్ట్ లోయ ఏర్పడింది, దానికి తూర్పున ఎండిన వైపు మనుషులు, పడమర తడి వైపు చింపాంజీలు తయారయ్యాయని ఒకప్పుడు చెప్పేవారు. 2001లో చాద్‌లో, రిఫ్ట్ లోయకు దాదాపు 2,500 కిలోమీటర్ల పడమర, మనిషి శాఖకు చెందినదని చెప్పే, సుమారు 70 లక్షల ఏళ్ల నాటి సహెలాంత్రోపస్ పుర్రె దొరికింది. 2005లోనేమో కెన్యాలో, సరిగ్గా రిఫ్ట్ లోయ నడుమ, సుమారు 5 లక్షల 45 వేల ఏళ్ల నాటి చింపాంజీ పళ్లు దొరికాయని ప్రకటించారు. ఆ గోడకు ఇటువాళ్లు అటూ, అటువాళ్లు ఇటూ కనిపించాక గోడ కథ నిలబడలేదు.

ప్రశ్నార్థకం
అంటే నడకకూ వాతావరణానికీ సంబంధమే లేదంటారా? అలా అనడం మరో అతిశయోక్తి కాదా?

గవ్వలలెక్క
సంబంధం ఉంది, కాకపోతే మనం వెతుకుతున్న చోట లేదు. నేను సముద్ర అవక్షేపాల మీద కొన్నేళ్లు పనిచేశాను కనుక ఆధారం ఎలా దొరుకుతుందో ముందు చెబుతాను.

సముద్రం అడుగు నుంచి పొడవాటి గొట్టంతో పైకి తీసిన బురదను కడిగి జల్లెడ పడితే ఫొరామినిఫెరా అనే సూక్ష్మజీవుల గవ్వలు మిగులుతాయి. ఒక్కొక్కటి ఇసుక రేణువంత ఉంటుంది. మైక్రోస్కోపు కింద పెట్టి, రెండు మూడు వెంట్రుకలే ఉన్న కుంచెను నీటితో తడిపి, ఒక్కో గవ్వనూ దాని కొసకు అంటించుకుని పక్కకు తీసేదాన్ని. గట్టిగా ఊపిరి వదిలితే ఉదయమంతా ఏరినవి చెదిరిపోతాయి. ఆ గవ్వల్లో రెండు రకాల ఆక్సిజన్ ఉంటుంది. తేలికపాటి ఆక్సిజన్ ఉన్న నీరు సులువుగా ఆవిరై ధ్రువాల దగ్గర మంచుగా పేరుకుంటే, సముద్రంలో బరువైన ఆక్సిజన్ పాలు పెరుగుతుంది, ఆ కాలపు గవ్వలూ ఆ పాలునే దాచుకుంటాయి. పొర తరువాత పొరగా ఈ లెక్క వేసుకుంటూ వెళితే లక్షల ఏళ్ల చలీ వేడీ గీతలా కళ్ల ముందు నిలుస్తాయి.

ఆ గీత నెమ్మదిగా ఒకే వైపు వాలుతున్నట్టు దూరం నుంచి కనిపిస్తుంది. దగ్గరగా చూస్తే అంతా ఊగిసలాటే. భూమి అక్షం బొంగరంలా తూలడం వల్ల దాదాపు 23 వేల ఏళ్లకు ఒకసారి, అక్షపు వంపు మారడం వల్ల 41 వేల ఏళ్లకు ఒకసారి, కక్ష్య కాస్త సాగి మళ్లీ గుండ్రమవడం వల్ల లక్ష ఏళ్లకు ఒకసారి ఎండ పంపకం మారుతుంది. తూర్పు ఆఫ్రికా సరస్సులు నిండటం, పూర్తిగా ఎండిపోవడం ఈ తాళానికే జరిగాయి. స్మిత్‌సోనియన్ సంస్థకు చెందిన రిక్ పాట్స్ వాదం ఇక్కడే పుడుతుంది. పొడి నేలకు అలవాటు పడిన ప్రాణి కంటే, తడి వచ్చినా పొడి వచ్చినా సర్దుకోగలిగిన ప్రాణే ఇంత ఊగిసలాటను దాటుతుందని ఆయన అంటారు. నేల మీద నడవడమూ చెట్టెక్కడమూ రెండూ చేతనైన లూసీని ఆ కంటితో చూడండి.

గడ్డిపరక
ఎండిపోవడం కాదు, నిలకడ లేకపోవడం అన్నమాట. నేను చదివిన వాటిలో ఎక్కడా ఈ మాట లేదు.

మూడోపాఠం
ఈ ఊగిసలాట వాదం వినడానికి బాగుంటుంది కనుకనే దానితో నాకు ఇబ్బంది. ఎముకల వయసు చెప్పేటప్పుడు ముందూ వెనుకా వేల ఏళ్ల సందు ఉంటుంది, కొన్నిచోట్ల అది లక్ష ఏళ్లు కూడా ఉండవచ్చు. వాతావరణమేమో 23 వేల ఏళ్లకు ఒకసారి తడి నుంచి పొడికి, పొడి నుంచి తడికి మారుతోంది. అలాంటప్పుడు ఒక పుర్రె తడి కాలానిదా, పొడి కాలానిదా అని ఎవరు చెప్పగలరు? ఏ కొత్త జాతి కనిపించినా దానికి దగ్గరలో ఏదో ఒక వాతావరణ మార్పు దొరికి తీరుతుంది, ఎందుకంటే మార్పు లేని కాలమే లేదు. పక్కపక్కన ఉన్నంత మాత్రాన ఒకటి కారణం, రెండోది ఫలితం అయిపోవు.

ఇంకో సంగతి కూడా ఆలోచించండి. మనకు దూరపు చుట్టమైన, పెద్ద దవడల పారాంత్రోపస్ బోయిసీ అనే ప్రాణి ఇదే తూర్పు ఆఫ్రికాలో, ఇదే ఊగిసలాట నడుమ, సుమారు 23 లక్షల ఏళ్ల క్రితం నుంచి 12 లక్షల ఏళ్ల క్రితం దాకా బతికింది. సర్దుకోగలిగిన ప్రాణికే మనుగడ అయితే ఇంత ప్రత్యేకమైన తిండికి అలవాటు పడిన ప్రాణి పది లక్షల ఏళ్లకు పైగా ఎలా నిలిచింది?

రాతిపలక
పారాంత్రోపస్ ప్రస్తావన చాలా విలువైనది. ఆ పళ్లను చూసి గట్టి గింజలు కొరికేదని పేరు పెట్టారు. తీరా పళ్ల పింగాణీలోని కార్బన్‌ను థూర్ సెర్లింగ్ బృందం పరీక్షిస్తే అది ఎక్కువగా తిన్నది గడ్డి, తుంగ జాతి మొక్కలని తేలింది. దాని పక్కనే తిరిగిన మన హోమో శాఖ దొరికినదల్లా తిన్నది. ఒకే వాతావరణం రెండు రకాల ప్రాణులకూ చోటిచ్చిందంటే, వాతావరణం ప్రశ్న వేస్తుంది గానీ జవాబును నిర్ణయించదని నాకు అర్థమైంది.

ప్రశ్నార్థకం
ఆ చివరి మాటను నేను దాచుకుంటున్నాను.

గవ్వలలెక్క
మూడోపాఠం గారి మొదటి అభ్యంతరానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. నేను చదివినంతలో దానికి దగ్గరగా వెళ్లిన చోటు మాత్రం ఒకటుంది. అది కెన్యాలోని ఒలోర్గెసైలీ. ఐదు లక్షల ఏళ్ల క్రితం వరకు అక్కడి మనుషులు పెద్ద పెద్ద చేతిగొడ్డళ్లు చేశారు, తరం తరువాత తరం అవే. ఆ తరువాత లక్షా ఎనభై వేల ఏళ్ల పొరలు కోసుకుపోయాయి. మళ్లీ సుమారు 3 లక్షల 20 వేల ఏళ్ల క్రితం పొరలు మొదలయ్యేసరికి అంతా మారిపోయి ఉంది. పనిముట్లు చిన్నవయ్యాయి, రంగు కోసం వాడిన రాళ్లు కనిపిస్తున్నాయి, నల్లటి అగ్నిపర్వత గాజురాయి 25 నుంచి 90 కిలోమీటర్ల దూరం నుంచి వచ్చి చేరింది. పెద్ద గడ్డిమేత జంతువుల స్థానంలో చిన్నవి వచ్చాయి. కోసుకుపోయిన పొరల లోటు తీర్చడానికి పక్క లోయలో 139 మీటర్ల లోతుకు తవ్వి తీసిన మట్టి కడ్డీని చదివితే, దాదాపు 4 లక్షల ఏళ్ల క్రితం నుంచి నేల చీలికలు పెరిగి, పెద్ద సరస్సు ముక్కలై, నీరు ఉండటమూ పోవడమూ తరచైందని 2020లో తేల్చారు. తిండి ఎక్కడ దొరుకుతుందో తెలియని రోజుల్లో దూరాన ఉన్న మరో గుంపుతో ఇచ్చిపుచ్చుకోవడం ఎంత అవసరమో ఆ గాజురాయి చెబుతోంది.

అలాంటి సరస్సులు వదిలిన తెల్లమట్టి ముక్క ఒకటి నేను చేతిలో పట్టుకుని చూశాను. డయాటమ్ అనే నీటి నాచు పెంకులే గట్టిపడి అలా అవుతాయి. బల్లపై రాసే సుద్దలా తెల్లగా, అనుకున్నదానికంటే ఎంతో తేలికగా ఉండి, నాలుకకు తాకిస్తే అంటుకుపోతుంది. ఆ ముక్క దొరికిన చోట ఒకప్పుడు లోతైన నీరు నిలిచిందని అర్థం. దాని పైనే గోధుమ రంగు మట్టి పొర కనిపిస్తే నీరు ఇంకిపోయిందని అర్థం.

మూడోపాఠం
ఒలోర్గెసైలీ గట్టి ఉదాహరణే, కాదనను. అయినా అది ఒక లోయ కథ. వాతావరణంతో సమానంగా భూకంపాల చీలికలు కూడా ఆ సరస్సును విరగ్గొట్టాయని మీరే రాశారు.

వానచుక్క
ఇంత పెద్ద కాలాల మధ్య ఒక చిన్న సంగతి చెప్పకుండా ఉండలేకపోతున్నాను. టాంజానియాలోని లేటోలిలో మేరీ లీకీ బృందం 1978లో వెలికితీసిన అడుగుజాడలు 36 లక్షల 60 వేల ఏళ్ల నాటివి. అప్పుడే రాలిన అగ్నిపర్వత బూడిద వానకు తడిసి మెత్తబడింది, దాని మీద రెండు కాళ్లతో నడిచినవారి జాడలు ఆరి గట్టిపడ్డాయి, పైన మరో బూడిద పొర కప్పింది. మడమ ముందు దిగి, చివరికి బొటనవేలు నేలను నెట్టిన తీరు మన అడుగులానే ఉంటుంది. ఆ బూడిదలో అడుగులతోపాటు వానచినుకుల గుంటలు కూడా మిగిలాయి. వాతావరణం అంటే మనం లక్షల ఏళ్ల గీతలు గీస్తున్నాం. అక్కడ మాత్రం ఒక రోజు కురిసిన వాన ఉంది, ఆ తడిలో నడిచినవారున్నారు.

గడ్డిపరక
వానచుక్క గారు రాసింది చదివి మా అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. ఇప్పుడు రెండో సగం అడుగుతున్నాను. ఆఫ్రికా నుంచి బయటికి రావడం కరువు వల్లనేనా?

నదిదారి
నా అభిప్రాయం దానికి పూర్తిగా వ్యతిరేకం. కరువు తరమలేదు, వాన పిలిచింది. పటం తీసి చూడండి. ఆఫ్రికా నుంచి ఆసియాకు వెళ్లే దారంతా సహారా, సినాయి, అరేబియా ఎడారులే. కరువు కాలంలో ఆ దారి మరింత మూసుకుపోతుంది, ఆకలితో బయలుదేరినవాడు దాన్ని దాటలేడు.

గవ్వలలెక్క గారు చెప్పిన బొంగరపు తూలుడు వల్ల, ఉత్తరార్ధగోళపు వేసవిలో భూమి సూర్యుడికి దగ్గరగా వచ్చే కాలాల్లో ఋతుపవనాలు బలపడి సహారాలోకి చొచ్చుకువెళతాయి. ఎడారి గడ్డి నేల అవుతుంది, నదులు పారతాయి, సరస్సులు నిండుతాయి. ఇటువంటి చివరి పచ్చని కాలం దాదాపు 5 వేల ఏళ్ల క్రితమే ముగిసింది. ఇప్పుడు ఇసుక తప్ప మరేమీ లేని చోట్ల ఆనాటి మనుషులు రాళ్ల మీద పశువులను, ఈదుతున్నవారిని చిత్రించారు. అంతకు ముందు సుమారు 1 లక్షా 25 వేల ఏళ్ల క్రితం ఇంకా బలమైన తడి కాలం వచ్చింది. ఇజ్రాయెల్‌లోని స్కుల్, కఫ్జే గుహల్లో మనలాంటి మనుషుల ఎముకలు 1 లక్షా 20 వేల నుంచి 90 వేల ఏళ్ల నాటివి. ఉత్తర అరేబియాలోని అలథర్‌లో ఒకప్పటి సరస్సు ఒడ్డున, దాదాపు 1 లక్షా 20 వేల ఏళ్ల నాటి పొరలో, మనుషుల అడుగులు ఏనుగుల, ఒంటెల అడుగుల నడుమ దొరికాయి. అదే ఎడారిలోని అల్ వుస్తాలో దొరికిన మనిషి వేలి ఎముక వయసు సుమారు 85 నుంచి 90 వేల ఏళ్లు. ఎడారి తలుపు తెరుచుకున్నప్పుడు జంతువుల వెంట మనుషులూ నడుచుకుంటూ వెళ్లారు. దేశం దాటుతున్నామన్న ఆలోచన వారికి లేదు, నీరూ వేటా ఉన్న తరువాతి మైదానంలోకి అడుగుపెట్టారు, అంతే.

ప్రశ్నార్థకం
తలుపు తెరుచుకున్నప్పుడు వెళ్లినవారు అది మూసుకున్నప్పుడు ఏమయ్యారు? పచ్చని కాలంలో సహారా నడుమకు చేరినవారి మనవలకు కరువు ఎదురైనప్పుడు కొందరు దక్షిణానికి, కొందరు ఉత్తరానికి జరగాల్సిందే. ఊపిరి పీల్చి వదిలినట్టు ఎడారి మనుషులను లోపలికి తీసుకుని బయటికి నెట్టి ఉంటుంది. పిలవడమూ తరమడమూ రెండూ ఒకే చక్రంలో ఉన్నాయి.

నదిదారి
అది న్యాయమైన మాట. నేను ఒక వైపు ఎక్కువ మొగ్గాను.

మూడోపాఠం
ఇద్దరి లెక్కకూ లొంగని విషయం ఒకటుంది. నదిదారి గారు చెప్పిన స్కుల్, కఫ్జే మనుషుల జాడ తరువాత ఆగిపోయింది. నేడు ఆఫ్రికా వెలుపల ఉన్న మనందరి జన్యువులూ ప్రధానంగా 60 నుంచి 50 వేల ఏళ్ల క్రితం జరిగిన వలసకు చెందినవి. ఆ కాలంలో సహారా పచ్చగా లేదు. తలుపు బార్లా తెరిచి ఉన్నప్పుడు వెళ్లినవారు నిలవలేదు, దాదాపు మూసుకున్నప్పుడు వెళ్లినవారు ప్రపంచాన్ని నింపారు. దీన్ని వానతో ఎలా వివరిస్తారు?

రాతిపలక
ఈ చర్చలో నాకు అన్నిటికంటే నచ్చిన అభ్యంతరం ఇది. 2025లో వచ్చిన ఒక అధ్యయనం దీనికి జవాబు వెతికింది. సుమారు 70 వేల ఏళ్ల క్రితం నుంచి ఆఫ్రికాలోపలే మనుషులు దట్టమైన అడవుల్లోకీ ఎడారుల్లోకీ చొరబడటం పెరిగిందని ఆ పరిశోధకులు చూపారు. తరువాత బయటికి వెళ్లినవారు ఎటువంటి నేలలోనైనా బతకడం ఇంటి దగ్గరే నేర్చుకున్నారన్నమాట. అప్పటికి దారి బాగుండటం కంటే నడిచేవారి నేర్పు ముఖ్యమైంది.

అలాగని మెదడు పెద్దదైతే తప్ప ప్రయాణం సాధ్యం కాదనీ అనుకోకండి. జార్జియాలోని ద్మానిసీకి 18 లక్షల ఏళ్ల క్రితమే చేరిన పాతకాలపు మనిషి జాతివారిలో ఒకరి మెదడు 546 ఘన సెంటీమీటర్లే, అంటే మన మెదడులో సగం కూడా కాదు.

బూడిదపొర
టోబా మాట ఎవరూ ఎత్తలేదు. సుమత్రాలో 74 వేల ఏళ్ల క్రితం పేలిన ఆ అగ్నిపర్వతం ఏళ్ల తరబడి చలికాలం తెచ్చి మనిషి జాతిని కొన్ని వేలమందికి కుదించిందని 1990లలో బలంగా వాదించారు. నేను చదువుకునే రోజుల్లో ఆ బూడిదను మైక్రోస్కోపు కింద చూశాను. చేతికి పిండిలా మెత్తగా తగిలే ఆ పొడి అక్కడ గాజు పెంకుల రాశిగా మారిపోతుంది. పగిలిన బుడగల అంచులు వంపు తిరిగి, పదునుగా మెరుస్తూ ఉంటాయి. ఆ వాదాన్ని నేను చాలాకాలం నమ్మాను.

నమ్మకం సడలింది జ్వాలాపురం వల్ల. కర్నూలు ప్రాంతంలోని ఆ తవ్వకంలో టోబా బూడిదకు కింద దొరికిన రాతి పనిముట్లూ, పైన దొరికినవీ ఒకే తీరులో ఉన్నాయని 2007లో ప్రకటించారు. మలావీ సరస్సు అడుగు పొరల్లో టోబా గాజు దొరికింది గానీ పెద్ద చలి ఆనవాలు దొరకలేదు. దక్షిణాఫ్రికా తీరంలోని పినకిల్ పాయింట్‌లో ఆ గాజు రేణువులు రాలిన తరువాత కూడా మనుషుల నివాసం తెగలేదు. అగ్నిపర్వతం భయంకరమైనదే, అయితే ఆనాటి మనుషులు మనం అనుకున్నంత బలహీనులు కారు.

గడ్డిపరక
మంచుయుగంలో సముద్రం తగ్గి దారులు ఏర్పడ్డాయని కూడా చదివాను. అదైనా నిజమేనా?

నదిదారి
అది నిజం. మంచు బాగా పేరుకున్న కాలంలో, అంటే సుమారు 20 వేల ఏళ్ల క్రితం, సముద్రం ఇప్పటికంటే 120 మీటర్లకు పైగా కిందికి దిగింది. సైబీరియాకూ అలాస్కాకూ మధ్య బెరింజియా అనే విశాలమైన నేల తేలింది.

మూడోపాఠం
ఆస్ట్రేలియాకు మాత్రం ఏ కాలంలోనూ పూర్తి నేలదారి లేదు. సముద్రం ఎంత తగ్గినా పదుల కిలోమీటర్ల నీరు మిగిలే ఉంది. అక్కడికి తెప్పలో పడవలో కట్టుకుని, ఆ నీటిని దాటి పోయినవారున్నారు. దానికి వాతావరణం ఒక్కటే కారణమని నేను ఎప్పటికీ రాయలేను.

ప్రశ్నార్థకం
మూడోపాఠం గారూ, మీరు అన్నిటికీ అభ్యంతరం చెప్పారు, ప్రతిదానికీ మేలు జరిగింది. అడగనివ్వండి, ఏ ఆధారం దొరికితే మీరు ఒప్పుకుంటారు?

మూడోపాఠం
ఎముకలూ పనిముట్లూ దొరికిన చోటుకు పక్కనే ఉన్న సరస్సు పొరలు కావాలి, ఆ పొరల నడుమ వయసు చెప్పగలిగే అగ్నిపర్వత బూడిద వీలైనన్ని చోట్ల ఉండాలి. అప్పుడు సముద్రం మధ్యలోని బురద చూసి ఖండం లోపలి మనిషి గురించి ఊహించవలసిన అవసరం తప్పుతుంది.

గవ్వలలెక్క
ఆ పని మొదలైంది. ఇథియోపియాలోని చ్యూ బహిర్ ఎండు సరస్సులో దాదాపు 290 మీటర్ల లోతుకు తవ్వి 6 లక్షల 20 వేల ఏళ్ల చరిత్రను పైకి తీశారు. మనలాంటి మనుషుల అతి పాత ఎముకలు కొన్ని దొరికిన ఓమో కిబిష్ అక్కడికి దూరం కాదు. బూడిద పొరలూ ఉన్నాయి. ఆ కడ్డీలో పొటాషియం పాలు ఎక్కువైతే కరువు, తక్కువైతే తడి అని చదువుతారు.

మూడోపాఠం
ఆ ఫలితాలు మళ్లీ మొదటి నుంచి చదువుతాను. మీరు చెప్పిన బూడిద పొరల మధ్య దూరం ఎంతో చూసి ఇక్కడే రాస్తాను.

గడ్డిపరక
తప్పకుండా రాయండి. మా అమ్మాయి ఆ కథను నోటు పుస్తకంలో కొట్టేసి కింద "చింపాంజీలకు కూడా కరువు వచ్చింది, అవి వేరే జవాబు చెప్పాయి" అని రాసుకుంది. పొటాషియం పెరిగితే కరువని ఎలా తెలుస్తుందో మాత్రం ఇప్పుడే అడుగుతోంది.

గవ్వలలెక్క
నీరు తగ్గి ఉప్పదనం పెరిగిన సరస్సులో అడుగు బంకమట్టి ఖనిజాలు నీటిలోని పొటాషియాన్ని తమలోకి లాక్కుంటాయని చెప్పండి. నీరు ఎంత చిక్కబడితే అంత ఎక్కువగా లాక్కుంటాయి.